కొలత పళ్ళెం

గంజిలో ముంచి పిండిన లేసును రూబీ నల్ల పళ్ళెం మీద పరిచి, అంచును వేలికొసలతో చుట్టూ లాగుతూ వచ్చింది. ఒక్క పోగు బయటికి జారలేదు, ఒక్క పోగు లోపలికి ముడుచుకోలేదు. పళ్ళేనికి నడిమధ్యన చిటికెనవేలు కూడా పట్టని చిల్లు ఒకటి ఉంది. లేసు నడిమి పువ్వు ఆ చిల్లు మీదికి వచ్చి కూర్చుంటే పని కుదిరినట్టే. వచ్చి కూర్చుంది. అయినా ఆమె ముఖంలో సంతోషమేమీ కనబడలేదు. పంతొమ్మిదేళ్ళుగా అది అలా కుదురుతూనే ఉంది మరి.

యాభై ఆరేళ్ళ మనిషి. సన్నగా, మెడ కాస్త ముందుకి వంగి ఉంటుంది. పన్నెండో ఏట నించి క్రోషియా సూది పట్టుకున్నవాళ్ళ మెడలు నరసాపురంలో అలాగే ఉంటాయి. కుడి చూపుడువేలి పక్కన సూది ఒరుసుకుని ఒరుసుకుని కాయ కాసింది. రేవుకు పోయే దారిలో, అటు నాలుగిళ్ళు ఇటు నాలుగిళ్ళు ఉన్న సందులో ఆమె ఇల్లు. ఆ ఎనిమిది అరుగుల మీదా ఆడవాళ్ళు పొద్దస్తమానం లేసు అల్లుతూనే ఉంటారు. చేతులతో పాటు నోళ్ళూ ఆడుతూనే ఉంటాయి. రూబీ నోరు మాత్రం ఆడదు. నెమ్మదస్తురాలని కొందరు, కువైట్ వెళ్ళొచ్చిందని గీర అని కొందరు అనుకుంటారు. ఆ రెండూ కాదని ఆమెకొక్కదానికే తెలుసు.

మంగళవారం కనక లేసు ఏజెంటు తాతాజీ మోపెడ్ మీద వచ్చాడు. అందరి సరుకూ టేపు పెట్టి కొలిచి, మూతి ముడిచి, సంచిలో వేసుకున్నాడు. రూబీ అరుగు దగ్గరికొచ్చేసరికి టేపు చుట్టి జేబులో పెట్టేశాడు.

"మీ సరుకు కొలవక్కర్లేదండి రూబీ గారూ. పన్నెండంగుళాలంటే పన్నెండే. మిగతావాళ్ళు పదకొండున్నర అల్లి పన్నెండని దబాయిస్తారు. ఆయ్, వాళ్ళతో నేను పడలేనండి."

ఎదురరుగు మీది శ్యామలాంబ ఊరుకునే మనిషి కాదు. "ఆవిడకి కువైట్ పళ్ళెం ఉందండి. మాకూ ఒకటి తెప్పించండి, మేమూ నిజాయితీగా ఉంటాం."

వీధి వీధంతా నవ్వింది. రూబీ కూడా నవ్వింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, చెయ్యి మాత్రం దానంతటదే పళ్ళెం మీదికి వెళ్ళి, సర్దనవసరం లేని లేసును సర్దింది.

అది పళ్ళెం కాదు. గ్రామఫోను రికార్డు. నడుమ ఉన్న కాగితం కనబడకుండా చిల్లు మాత్రం వదిలి, రెండు వైపులా గుండ్రంగా నల్లగుడ్డ అంటించింది. దాని సన్న గీతల్లో ఏళ్ళ తరబడి గంజి దిగి, నలుపు కాస్తా బూడిద రంగులోకి తిరిగింది. కువైట్ నించి వచ్చిన కొత్తలో పెట్టె సర్దుకుంటుంటే శ్యామలాంబ తొంగి చూసి, "ఏంటిది వదినా?" అని అడిగింది. నోటికొచ్చిన అబద్ధం, "లేసు కొలుచుకునే పళ్ళెం." అన్నాక కొలవకపోతే ఎలా? మర్నాటి నించి కొలవడం మొదలుపెట్టింది. అలా ఆ అబద్ధం ఆమెకి వృత్తిలో మంచిపేరు తెచ్చిపెట్టింది. భర్త శాంతికుమార్‌ది రేవు దగ్గర సైకిల్ షాపు. ఆయనకి అది రికార్డని తెలుసు గాని, ముసలి యజమానురాలు ఇష్టపడి ఇచ్చిందని నమ్ముతాడు. పెళ్ళాం చెప్పింది నమ్మడం ఆయనకున్న ఒకే ఒక్క చెడ్డ అలవాటు.

తాతాజీ మోపెడ్ సందు మలుపు తిరుగుతుండగా ఫోను మోగింది.

"పెద్దమ్మా, నేను రామతులసినండి. పాపాయి గారమ్మాయిని." ఎప్పుడు చేసినా ఆ పిల్ల అలాగే మొదలుపెడుతుంది, ఎవరో తెలియనట్టు. "అమ్మకి అస్సలు బాగోలేదండి. కాకినాడ ఆస్పత్రిలో ఇంక ఇంటికి తీసుకెళ్ళిపోమన్నారు. ఈ ఏడు మీ పళ్ళ బుట్ట కట్టించిందండి, కానీ ఎవరి చేతా పంపద్దంటోంది. మిమ్మల్నే రమ్మంటోంది. ఏదో చెప్పుకోవాలంట."

"ఏం చెప్పుకోవాలమ్మా?"

"నాకు చెప్పట్లేదండి. మీకేనంట."

రూబీ ఫోను పెట్టేసి చాలాసేపు అరుగు మీదే కూర్చుంది. పాపాయికి తెలిసిపోయిందా? ఎవరు చెప్తారు? తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే, ఆ ఒక్కతీ ఇక్కడే కూర్చుని ఉంది. తెలియాలని ఒకసారీ, తెలియకూడదని ఒకసారీ అనిపించింది. ఆఖరికి లేచి, తడి లేసును దండెం మీద వేసి, పళ్ళేన్ని శుభ్రంగా తుడిచి, పాత లేసు బట్టలో చుట్టి సంచిలో పెట్టుకుంది. భర్తకి అన్నం గిన్నె మీద మూత పెట్టి, "పాపాయిని చూసొస్తా," అని శ్యామలాంబతో చెప్పి రేవు దారి పట్టింది.

గోదావరి దాటించే పంటు అప్పుడే నిండుతోంది. మోటారుసైకిళ్ళు, రెండు ఆటోలు, కోళ్ళ గంప, పెళ్ళిబట్టల సంచులతో ఒక గుంపు. రూబీ రెయిలింగు పక్కన నిలబడి సంచిని పొట్టకి ఆనించుకుంది. ఎండకి రికార్డు వంగిపోతుందని దాన్ని ఎప్పుడూ ఎండలో పెట్టదు. ఇవాళ కూడా కొంగు తీసి సంచి మీద కప్పింది. గోదావరి నిండుగా లేదు, సముద్రపు పోటుకి నీళ్ళు ఎగువకి ఎక్కుతున్నాయి.

పాపాయిని కువైట్ రప్పించింది రూబీయే. పేరు పాపాయే గాని మనిషి తాడిచెట్టు. భర్త పోయి, చదువుకునే పిల్ల ఒకతి ఉండి, సఖినేటిపల్లి అవతల కొబ్బరి పీచు పనికి పోతుండేది. లేసు దారం బేరానికి వెళ్ళినప్పుడు పరిచయం. తను పనిచేసే ఇంట్లో ఇంకో మనిషి కావాలంటే రూబీ పూచీపడి చెప్పింది. "నువ్వు చెప్పావంటే మంచిదే అయ్యుంటుంది," అంది ఆ ఇంటి యజమానురాలు. ఎనిమిది నెలలు ఇద్దరూ ఒకే గదిలో పడుకున్నారు, ఒకే కంచంలో తిన్నారు.

ఆ ఇంట్లో యజమాని తల్లి, ఒక ముసలావిడ ఉండేది. అక్కడ అమ్మని మామా అంటారు, ఆవిడ్ని పెద్ద మామా అనేవారు. చిన్నప్పుడెక్కడో చలిదేశంలో చదువుకుందట. రోజూ నాలుగింటికి హాల్లో తెరలు దింపించి, పాత ప్లేయరు మీద ఒకే ఒక్క రికార్డు పెట్టించుకుని వినేది. దాని అట్ట మీది ఇంగ్లీషును రూబీ మిషన్ స్కూలు ఏడో తరగతి చదువుతో కూడబలుక్కుంది. ఇరవయ్యో శతాబ్దపు వయొలిన్ కచేరీలట. ఈ వైపొకటి, ఆ వైపొకటి. మొదట్లో పక్కగదిలో ఇస్త్రీ చేసుకుంటూ ఇద్దరూ పడీ పడీ నవ్వుకునేవారు. "ఫిడేలు వాయిస్తున్నాడా, పిల్లి తోక తొక్కాడా అక్కా?" అనేది పాపాయి. ఎగరడం, గీరడం, ఏదో పాట అందుకోబోయి వదిలెయ్యడం. ఏ రాగమూ నిలవదు. కానీ రోజూ వింటుంటే చెవి ఊరుకోదు. ఇక్కడ డప్పులు వస్తాయి, ఇక్కడ ఫిడేలు ఒంటరిగా ఏడుస్తుంది అని వాళ్ళకే తెలిసిపోయేది. రెండో వైపున, చివరికొస్తుండగా, అంత గోలలోంచీ ఉన్నట్టుండి గుడిలో పాడే కీర్తనలాంటిది ఒకటి వచ్చేది. నెమ్మదిగా, నాలుగే వరసలు. ఫిడేలు ఒక వరస పాడితే, గొట్టాల వాయిద్యాలు హార్మోనియంలా దానికి జవాబు చెప్పేవి. పద్దెనిమిదేళ్ళ పిల్ల ఎవరో చచ్చిపోతే ఆ పిల్ల కోసం రాశాడని పెద్ద మామా ఒకసారి చెప్పింది.

రూబీ నాన్న భీమవరం దగ్గర పల్లెలో లూథరన్ గుడికి ఫిడేలు వాయించేవాడు. ఆరు రోజులు పొలం కూలి, ఏడో రోజు ఫిడేలు. ఎవరిని మట్టిచేసినా ముందు ఆయన కీర్తన ఎత్తుకుంటేనే పెట్టె లేచేది. ఆయన పోయాడన్న కబురు రూబీకి మూడో రోజున అందింది. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంది, వెళ్ళడమన్న మాటే లేదు. ఆ మధ్యాహ్నం నాలుగింటికి మామూలుగానే తెరలు దిగాయి. ఆ నాలుగు వరసలూ వచ్చినప్పుడు ఆమె ఇస్త్రీపెట్టె పట్టుకుని అలా నిలబడిపోయింది. చొక్కా చెయ్యి కాలి వాసనొచ్చేదాకా తెలియలేదు. నాన్నని మట్టిచేసింది తనవరకూ అక్కడే, ఆ ఇస్త్రీగదిలోనే.

తర్వాత పెద్ద మామాకి జబ్బు చేసి ఆస్పత్రిలో పెట్టారు. మూడు వారాలు రికార్డు కదల్లేదు. ఆవిడ ఇక తిరిగి రాదని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. రూబీ ఊరెళ్ళే రోజులు దగ్గరపడ్డాయి. ఒక పొద్దున ఎవరూ లేనప్పుడు రికార్డుని అట్టలోంచి తీసి తన పెట్టెలో దుప్పటి మడతల్లో పెట్టుకుంది. అడిగితే ఇచ్చేవాళ్ళేమో. అడగడమన్నది పనివాళ్ళకి అలవాటు లేని పని.

పెద్ద మామా బతికి వచ్చింది. వచ్చి మంచమెక్కుతూ అడిగిన మొదటి మాట ఆ రికార్డే. ఖాళీ అట్ట దొరికింది. సరిగ్గా ఆ వారమే హాల్లోని పాత అట్టపెట్టెలూ కాగితాలూ చెత్తలారీకి వేసింది పాపాయి. ఇంకెవరిని అనుమానిస్తారు? ఇల్లంతా అరుపులు. రాత్రి గదిలో పాపాయి వణుకుతూ అడిగింది, "నేనే పారేశానంటావా అక్కా?"

పెట్టె రెండడుగుల దూరంలో మంచం కిందే ఉంది. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నా సరిపోయేది. రూబీ ఊరుకోలేదు. "చూసుకోవాల్సింది, పాపాయీ," అంది.

ఆ ఒక్క మాట. నాలుగోనాడు పాపాయిని విమానం ఎక్కించేశారు. ఇప్పుడు దొరికిందని చెప్పడానికి లేదు, చెప్తే పాపాయి ఎందుకు వెళ్ళినట్టు? రూబీ ఉన్న ఆ మిగతా రెండు నెలలూ పెద్ద మామా నాలుగింటికి తెరలు దింపించుకుని, ఏమీ వినకుండా, అలా కూర్చునేది.

తెచ్చిన రికార్డు ఒక్కసారి కూడా మోగలేదు. నరసాపురంలో మైకుసెట్టు షాపాయన నవ్వాడు. "ఆ మిషన్లు మా నాన్న కాలంలోనే తూకానికి అమ్మేశామండి." ఇంకో ఊళ్ళో అడగడానికి ఆమెకి ధైర్యం చాల్లేదు. ఆదివారం ఆదివారం గుడిలో అందరితో కలిసి పాపాలు ఒప్పుకునే ప్రార్థన చెప్తుంది. అందరితో కలిసి ఒప్పుకోవడం తేలికే.

అయితే రూబీని పట్టి తినేసింది ఇది కూడా కాదు. వచ్చిన ఏడాదే, మామిడిపళ్ళ రోజుల్లో, పంటు మీద ఒక తాటాకు బుట్ట వచ్చింది. కొత్తపల్లి కొబ్బరి రకం మామిడిపళ్ళు, పాపాయి పెరటి చెట్టువి. తెచ్చినవాడు పాపాయి మాట కూడా తెచ్చాడు. "నమ్మి రప్పించుకున్నందుకు అక్కకి మాట తెచ్చాను, మనసులో పెట్టుకోవద్దని చెప్పు." దొంగకి దోచుకోబడ్డ మనిషి క్షమాపణ పంపించింది. రూబీ ఆ పళ్ళు తినలేక వీధిలో పంచింది. కానీ బుట్ట ఖాళీగా తిప్పి పంపకూడదు కదా. ఏం పెట్టడానికీ తోచక, తను అల్లిన పన్నెండంగుళాల లేసు ఒకటి మడిచి అందులో వేసి పంపింది. ఆ మరుసటేడు మళ్ళీ బుట్ట. మళ్ళీ లేసు. పద్దెనిమిది బుట్టలు వచ్చాయి, పద్దెనిమిది లేసులు వెళ్ళాయి. ఇది పంతొమ్మిదో ఏడు.

సఖినేటిపల్లి రేవులో దిగి ఆటో ఎక్కితే పావుగంట. కొబ్బరితోటల మధ్య రేకుల ఇల్లు. స్లాబు వెయ్యాలని లేపిన ఇనపకడ్డీలు గోడల మీద అలాగే తుప్పు పట్టి నిలబడి ఉన్నాయి. రామతులసి గుమ్మంలోకి వచ్చి కాళ్ళకి నీళ్ళిచ్చింది. ముప్ఫై అయిదేళ్ళు ఉంటాయేమో. రొయ్యల ఫ్యాక్టరీలో వలిచే పని. అయిసు నీళ్ళలో నాని నాని ఆ వేళ్ళ కొసలు తెల్లగా పాలిపోయాయి. తల్లి కువైట్ నించి తిరిగొచ్చిన ఏడే పదో తరగతితో ఆ పిల్ల చదువు ఆగిపోయిందని రూబీకి తెలుసు. అందుకే ఎప్పుడూ ఆ చేతుల వంక చూడదు. ఇవాళ చూసింది.

లోపలికెళ్ళి చూస్తే ఇల్లంతా తన లేసులే. టీవీ మీద ఒకటి. దేవుడి అరలో ఒకటి. గోడగడియారం కింద మేకుకి ఒకటి. మంచినీళ్ళ కుండ మీద ఒకటి. ఎటు తిరిగినా పన్నెండంగుళాలు, నడుమ పువ్వు.

పాపాయి మంచం మీద గోడవైపు తిరిగి ఉంది. ఆ పొడుగాటి మనిషి చిక్కిపోయి మంచంలో సగమే ఉంది. షుగరు ముందు చూపుని తీసుకుని, తర్వాత మూత్రపిండాల మీదికి పోయింది.

"రూబీ అక్కేనా? గంజి వాసనొచ్చింది." చెయ్యి చాపింది. "కూర్చో. తులసీ, నువ్వు బయటికి పోవద్దులే, నువ్వూ విను. అక్కా, నీకో మాట చెప్పుకోవాలి. చెప్పకుండా పోతే నాకు తోవ దొరకదు."

"నేనూ ఒకటి చెప్పాలి పాపాయీ."

"ముందు నన్ను చెప్పనీ, ఆయాసం వస్తది. ఆ రోజు అట్టపెట్టెలు లారీలో వేసేటప్పుడు, ఒకదాంట్లో ఏదో పల్చగా, బరువుగా చేతికి తగిలింది. చూద్దామనుకున్నాను. లారీవాడు హారన్ కొడుతున్నాడు. చూడకుండానే పడేశాను. అదే రికార్డు. నేనే పారేశానంటావా అని నిన్నడిగాను గానీ, నాకు తెలుసు. నా చేత్తోనే పారేశాను. ఇన్నేళ్ళూ నీ దగ్గర దాచాను."

లేని బరువది. తను ఆ రాత్రి అన్న మాటని పట్టుకుని, ఈ మనిషి ఏళ్ళ తరబడి తవ్వుకుని తవ్వుకుని, లేని పెట్టెలో లేని రికార్డుని తన చేతికి తానే తగిలించుకుంది. ఇంతకంటే తిట్టినా బాగుండేది.

"కాదు పాపాయీ."

"నువ్వు మంచిదానివి గనక అంటావ్."

రూబీ సంచిలోంచి బట్టమూట తీసి, విప్పి, రికార్డుని పాపాయి రెండు చేతుల్లో పెట్టింది. పాపాయి వేళ్ళు అంచు పట్టుకుని చుట్టూ తిరిగాయి. గంజి పట్టిన గీతల మీద గోరు గీసి చూసింది. నడుమ గుడ్డ తగిలితే అంచు దొరకబుచ్చుకుని మెల్లిగా పీకింది. కింద నున్నటి కాగితం. బొటనవేలి కొస చిల్లు మీదికి వెళ్ళి ఆగింది.

"నేను తీశాను," అంది రూబీ. "పెద్ద మామా ఆస్పత్రిలో ఉన్నప్పుడు. మా నాన్న పాట ఉందని తీశాను. నువ్వు అడిగినప్పుడు నా మంచం కింద ఉంది. నువ్వేదీ పారెయ్యలేదు, పాపాయీ. నీ చేతికేమీ తగల్లేదు."

బయట కొబ్బరిమట్ట ఒకటి రేకుల మీద రాసుకుంటోంది. పాపాయి వేలు చిల్లు మీదే ఉంచి, "తులసీ, ఆ గడియారం కింది లేసు ఇలా తే," అంది. రామతులసి తెచ్చి ఇచ్చింది. పాపాయి దాన్ని రికార్డు మీద పరిచి, అంచు వెంబడే వేలు తిప్పుకుంటూ వచ్చింది. ఒక్క పోగు బయటికి లేదు, ఒక్క పోగు లోపలికి లేదు.

"సరిగ్గా సరిపోయింది," అంది. "అన్నీ దీని మీదే కొలిచావా?"

"అన్నీ."

"నాకు పంపినయ్యి కూడా."

"నీకు పంపినవి కూడా."

రూబీ తలొంచుకుని తిట్ల కోసం ఎదురుచూసింది. తిట్లు రాలేదు. తలెత్తి చూస్తే పాపాయి ముఖం మీద ఎప్పుడూ చూడని వెలుగు ఒకటి కనబడింది. చూపులేని ఆ కళ్ళల్లోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి.

"అయితే నేను పారెయ్యలేదు," అంది పాపాయి. "విన్నావా తులసీ? నేను పారెయ్యలేదంట. పని సరిగ్గానే చేశాను."

గుమ్మం పక్కన నిలబడ్డ రామతులసి విన్నది. వినడమే కాదు, ఒక్కొక్కటిగా లెక్క కుదిరి, ఆమె తన చేతులకేసి చూసుకుని చీరకొంగులో దాచుకుంది. రూబీకి ఆ పిల్ల వైపు తిరిగే ధైర్యం రాలేదు.

"ఆ నాలుగు వరసలూ ఒకసారి పాడక్కా," అంది పాపాయి. "దాని కోసమే కదా తీశావ్."

రూబీ గొంతు సవరించుకుని అందుకుంది. మొదటి వరస వచ్చింది. రెండోది వచ్చింది. మూడో వరస దగ్గర దారి తప్పి, గుడిలో పాడే ఇంకో కీర్తనలోకి పోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడే తప్పింది. పంతొమ్మిదేళ్ళు రికార్డుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది గాని, పాట ఎప్పుడు జారిపోయిందో తెలుసుకోలేదు.

అప్పుడు పాపాయి అందుకుంది. పెదాలు కదలకుండా, ముక్కుతోనే, మూడో వరస. పైకి వెళ్ళబోయి వెనక్కి తగ్గే ఆ మెట్టుతో సహా. ఆ తర్వాత నాలుగోది. ఆ గొట్టాల జవాబు కూడా కాస్త. పిల్లి తోక అని నవ్విన మనిషి, ఏ రికార్డూ లేకుండా, కొబ్బరి పీచు దంచుకుంటూ, దాన్ని పోగు తెగకుండా దాచుకుంది. పాట ఎవరికి చెందాలో వాళ్ళకే చెందిందని రూబీకి అర్థమయింది. అర్థమవడం వల్ల మనసేమీ తేలిక పడలేదు.

పాట అయ్యాక పాపాయి కాస్త ఊపిరి తీసుకుంది. "తులసీ, ఆ బుట్ట విప్పెయ్యమ్మా. పళ్ళు పిల్లలకి పెట్టు. అక్కకి మనం పంపాల్సిందేం లేదు."

కోపంతో అన్న మాట కాదు. ఆ మాటలో కోపం వెతుక్కుని దొరక్క రూబీకి ఇంకా దిగులేసింది. రామతులసి మూలనున్న తాటాకు బుట్ట మూత తాళ్ళు తెంచింది. ఇల్లంతా పళ్ళ వాసన నిండింది.

"పాపాయీ, నన్ను..."

"పంటు వేళవుతోంది, వెళ్ళక్కా. ఇది ఇక్కడ ఉండనీ." రికార్డుని గుండెల మీదికి లాక్కుని గోడవైపు తిరిగింది. "నాకు నిద్రొస్తోంది."

క్షమించాననలేదు. క్షమించననీ అనలేదు. ఆ మాట అడిగే హక్కు తనకి లేదని తెలిసి రూబీ లేచింది. గుమ్మం దాటుతుంటే రామతులసి పక్కకి తప్పుకుని దారిచ్చింది.

పంటు నది మధ్యకి వచ్చింది. ఎండ తగ్గి నీళ్ళ మీద పసుపురంగు పరుచుకుంది. ఖాళీ సంచి చేతిలో తేలిగ్గా ఊగుతోంది, ఆ తేలిక ఆమెకి సయించలేదు. అప్పుడు ఫోను మోగింది.

"అమ్మ పోయిందండి," అంది రామతులసి. "నిద్రలోనే." ఈసారి తనెవరో చెప్పుకోలేదు. పెద్దమ్మా అని పిలవనూ లేదు.

నరసాపురం రేవులో అందరూ దిగిపోయారు. ఆటోలు దిగాయి, పెళ్ళిబట్టలు దిగాయి. రూబీ రెయిలింగు పట్టుకుని అలాగే నిలబడింది.

"దిగరాండి?" అన్నాడు టికెట్లాయన.

"లేదండి. మళ్ళీ అటే."

పాపాయి ఇంటి ముందు అప్పటికే పాతికమంది చేరారు. వరండాలో పాపాయిని పడుకోబెట్టి తల దగ్గర దీపం పెట్టారు. ముఖం ఇంకా ఆ మధ్యాహ్నపు ముఖంలాగే ఉంది. రూబీ కాళ్ళ దగ్గర కూర్చుని, మిగతా ఆడవాళ్ళలాగే ఏడ్చింది. ఆమె ఎందుకేడుస్తోందో ఆ గుంపులో ఒక్క రామతులసికి తెలుసు. రామతులసి ఇటు చూడలేదు.

గుండెల మీద రికార్డు లేదు. రూబీ కళ్ళు వరండా అంతా వెతికాయి. కొంతసేపటికి నోరెండిపోయి, మంచినీళ్ళ కోసం లేచింది. వచ్చేపోయేవాళ్ళు తాగడానికి ఇంట్లోని కుండని ఎవరో తెచ్చి కొబ్బరిచెట్టు మొదట్లో పెట్టారు. మట్టిమూత హడావుడిలో పగిలిందట, చేతికందింది ఏదో తెచ్చి మూసేశారు.

"తాగండమ్మా," అంది ఆ పక్కన నిలబడ్డ ముసలావిడ. "ఆ మూత జాగర్త, జారిపోద్ది."

కుండ మీద నల్ల రికార్డు ఉంది, దాని మీద అంచుకి అంచు సరిపోయిన లేసు, లేసు మీద బోర్లించిన స్టీలు గ్లాసు.